ఫోన్ మోగిన తర్వాత ఎవరు పలకాలి? హెచ్‌ఐవీ చికిత్సలో మొబైల్ సేవలు: స్టేషన్ ఘన్‌పూర్ ప్రాంతానికి వర్తించే పాఠాలు

ఉపోద్ఘాతం

హైదరాబాద్–వరంగల్ జాతీయ రహదారి, కాజీపేట–సికింద్రాబాద్ రైలు మార్గం రెండూ స్టేషన్ ఘన్‌పూర్ మీదుగానే పోతాయి. 2016లో జిల్లాల పునర్విభజన జరిగేవరకూ వరంగల్ జిల్లాలో ఉన్న ఈ పట్టణం ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది. వరి, పత్తి పనులు లేని రోజుల్లో కూలి కోసం హైదరాబాద్ పోయేవారూ, నెలలో సగం రోజులు లారీ మీదే గడిపేవారూ ఉన్న ఇలాంటి ప్రాంతాల్లో, దీర్ఘకాలం మందులు వాడాల్సిన రోగిని ఆస్పత్రితో కలిపి ఉంచడం తేలిక కాదు.

2019 జాతీయ అంచనాల ప్రకారం తెలంగాణలో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారు సుమారు 1.58 లక్షల మంది. వయోజనుల్లో వ్యాప్తి 0.49 శాతం, దేశ సగటు 0.22 శాతం. వైరస్‌ను అదుపులో ఉంచే మందులతో చేసే ఉచిత ఏఆర్‌టీ చికిత్స మన దేశంలో 2004 ఏప్రిల్ 1న మొదలైంది. సీడీ4 (రోగనిరోధక కణాల) లెక్కతో సంబంధం లేకుండా, నిర్ధారణ అయిన ప్రతి ఒక్కరికీ మందు ఇవ్వాలన్న విధానం 2017లో వచ్చింది. మందు అందుబాటులోకి వచ్చింది కాబట్టి, దాన్ని జీవితాంతం వదలకుండా వాడేలా చూడటమే ఇప్పుడు అసలు పని. ఈ పనికి చేతిలోని ఫోన్ ఎంతవరకు పనికొస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఫోన్ వెనుక జవాబు చెప్పే మనిషి ఉన్నప్పుడే అది చికిత్సకు తోడవుతుందన్నది ఈ వ్యాసం చేసే వాదన.

అధ్యయనాలు చూపిన భేదం

2010లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన కెన్యా పరిశోధనలో 538 మంది పాల్గొన్నారు. వారానికోసారి క్లినిక్ నుంచి ఎలా ఉన్నారని అడుగుతూ చిన్న సందేశం వెళ్లేది. అందులో జబ్బు పేరు గానీ మందు ప్రస్తావన గానీ ఉండేది కాదు. 48 గంటల్లో బాగున్నామనో, ఇబ్బంది ఉందనో జవాబివ్వాలి. ఇబ్బంది అన్నవారికీ, జవాబివ్వనివారికీ ఆరోగ్య కార్యకర్త స్వయంగా ఫోన్ చేసేవారు. మందులు సక్రమంగా వాడామని చెప్పినవారు సందేశాలు అందుకున్న బృందంలో 62 శాతం, అందుకోని బృందంలో 50 శాతం. వైరస్ అదుపులోకి వచ్చినవారు 57, 48 శాతం.

దక్షిణ భారతంలో జరిగిన పెద్ద పరిశోధన మరో ఫలితం చూపింది. కర్ణాటక, తమిళనాడుల్లోని మూడు కేంద్రాల్లో కొత్తగా చికిత్స మొదలుపెట్టిన 631 మందిని 96 వారాలు గమనించారు. ఒక బృందానికి వారం వారం యంత్రం ద్వారా రికార్డు చేసిన కాల్, ఒక బొమ్మ సందేశం వెళ్లేవి. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడిన ఫలితాల ప్రకారం, చికిత్స విఫలమయ్యే రేటులో రెండు బృందాలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. కాల్స్ అందుకున్నవారిలో అది ఏడాదికి వందమందికి 10.52, అందుకోనివారిలో 10.73.

రెండు చోట్లా రోగులు వేరు, అప్పటికే అందుతున్న కౌన్సెలింగ్ వేరు. అందువల్ల తేడా అంతటికీ ఒకే కారణం చూపడం సరికాదు. అయినా ఒక్క విషయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కెన్యాలో రోగి మౌనంగా ఉంటే ఒక మనిషి కదిలేవారు. దక్షిణ భారతంలో ప్రధానంగా యంత్రమే మాట్లాడింది. కెన్యాలోనే జరిగి 2011లో వెలువడిన మరో అధ్యయనంలో వారానికోసారి పంపిన సందేశాలు పనిచేశాయి, రోజూ పంపినవి పనిచేయలేదు. పదే పదే వచ్చే సందేశాన్ని జనం చూడకుండానే తీసేస్తారని దీన్నిబట్టి అనుకోవచ్చు.

మిస్డ్ కాల్ ప్రయోగం

మన ఏఆర్‌టీ కేంద్రాలకు దగ్గరి అనుభవం 99డాట్స్. హెచ్‌ఐవీతో పాటు క్షయ కూడా ఉన్నవారికి దీన్ని ఈ కేంద్రాల ద్వారా అందించారు. గోలీల షీటును ఒక అట్ట కవరులో పెడతారు. గోలీని వెనుక నుంచి నొక్కితే అట్ట చిరిగి, అంతవరకూ దాగి ఉన్న ఒక ఫోన్ నంబరు బయటపడుతుంది. ఆ నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే చాలు, ఆ రోజు మందు వేసుకున్నట్టు కంప్యూటర్‌లో నమోదవుతుంది. రోగికి పైసా ఖర్చు లేదు, చదువు అంతగా అక్కర్లేదు.

ఇంత తెలివైన ఏర్పాటుకూ పరిమితులున్నాయి. చెన్నై, వేలూరు, ముంబైలలో ముందుగా చెప్పకుండా ఇళ్లకు వెళ్లి మూత్ర పరీక్షలతో సరిచూసిన అధ్యయనం 2020లో వెలువడింది. మందు వేసుకుని కూడా కాల్ చేయనివారు చాలామంది ఉన్నారని అది తేల్చింది. కాల్ రాలేదంటే మందు మానేశారని అర్థం కాదు. కాల్ వచ్చినంత మాత్రాన కడుపులోకి గోలీ వెళ్లిందనీ కాదు.

ఆ ఫోన్ ఎవరిది?

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో తాము స్వయంగా వాడే మొబైల్ ఉన్న మహిళలు సుమారు 60 శాతం. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవారు 26.5 శాతమే. అంటే యాప్ మీద నిలబెట్టిన ఏ పథకమూ సర్వే నాటికి నలుగురిలో దాదాపు ముగ్గురు ఆడవాళ్లను చేరేది కాదు. ఇంట్లో ఒకే ఫోన్ ఉంటే దాన్ని భర్త ఎత్తవచ్చు, అత్త ఎత్తవచ్చు, బడికి పోయే కొడుకు ఎత్తవచ్చు. ఒక్క తప్పు సందేశంతో రోగి అయిన మహిళ ఇల్లు వదలాల్సిన పరిస్థితి రావచ్చు. 2018 సెప్టెంబర్ 10 నుంచి అమలులో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం సమ్మతి లేకుండా ఒకరి స్థితిని బయటపెట్టడాన్ని నిషేధించింది. సమాచారాన్ని భద్రంగా ఉంచే బాధ్యతను సంస్థలపై పెట్టింది. మొబైల్ సేవ ఏదైనా ఈ చట్టం నుంచే మొదలవ్వాలి.

ప్రతిపాదనలు

స్టేషన్ ఘన్‌పూర్ లాంటి ప్రాంతానికి పెద్ద సాఫ్ట్‌వేర్ అవసరం లేదు. మొదట, పేరు నమోదు చేసేటప్పుడే ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది, ఏ వేళకు చేయాలి, వేరేవారు ఎత్తితే ఏం చెప్పాలి అన్నవి రోగినే అడిగి రాసుకోవాలి. రెండు, వారానికి ఒక్క కాల్ చాలు. అది తెలుగులో, రోగికి అలవాటైన గొంతుతో, జబ్బు ప్రస్తావన లేకుండా ఉండాలి. మూడు, రోగి మిస్డ్ కాల్ ఇస్తే అదే రోజు కౌన్సెలర్ తిరిగి చేయాలి. కూలి పోగొట్టుకుని దూరం నుంచి వచ్చేవారికి మందులు, రక్తపరీక్షల తేదీలు ఆ కాల్‌లోనే ముందుగా తెలిస్తే ఒక రోజు కూలి మిగులుతుంది. నాలుగు, రెండు వారాలు జవాబు రాకపోతే ఏం చేయాలో రోగి ముందే నిర్ణయించాలి. రోగి ఒప్పుకోనిదే ఆశా కార్యకర్తను గానీ మరెవరిని గానీ గడప దగ్గరికి పంపకూడదు.

నివారణకూ ఇదే దారి. ముఖం చూపించకుండా అడగాలనుకునే యువకులకు, లారీ డ్రైవర్లకు జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097 ఉచితంగా అందుబాటులో ఉంది. ఈ నంబరు బస్టాండులో, రైల్వే స్టేషన్‌లో, దాబాల దగ్గర కనబడాలి. ఫోన్ చేసినవారిని దగ్గరలోని పరీక్షా కేంద్రం దాకా చేర్చే ఏర్పాటు కూడా దానికి తోడవ్వాలి.

ముగింపు

ఇలాంటి సేవ విజయాన్ని ఎన్ని కాల్స్ వెళ్లాయన్న లెక్కతో కొలవకూడదు. ఎంతమందిలో వైరస్ అదుపులో ఉంది, ఎంతమంది ఏడాది తర్వాతా చికిత్సలో ఉన్నారు, ఎవరి రహస్యమైనా బయటపడిందా అన్నవే కొలమానాలు. అందుకే డబ్బు ఉంటే ముందు కౌన్సెలర్ సమయానికి ఖర్చు పెట్టాలి, ఆ తర్వాతే యంత్రాలకు. ఆపదలో ఉన్న రోగి ఫోన్ చేసినప్పుడు పలికే మనిషి లేకపోతే ఎంత మంచి సాంకేతికతా ఆ రోగిని చికిత్సలో నిలపలేదు.