కామాటిపుర కాకా, కాల్షియం వాకిలి



కామాటిపుర అనగానే చాలామంది ముఖం తిప్పుకుంటారు. ఆ పేరు మాత్రం మనవాళ్ళ చెమట వల్ల వచ్చిన పేరు. 18వ శతాబ్దం చివరినుంచి నిజాం ఇలాకా పల్లెలు విడిచి, బొంబాయిలో రాళ్ళు మోసి, గోడలు లేపిన తెలుగు కూలీలను అక్కడ కామాటీలన్నారు. వారు కాపురమున్న గల్లీలే కామాటిపుర. తర్వాత మగ్గం వదిలి మిల్లులకు పోయిన పద్మశాలీలు వర్లీ చాళ్ళలో చేరారు. 1920లలో కట్టిన బి.డి.డి. చాళ్ళలో ఒక కుటుంబానికి దొరికేది ఒక్క గది, సుమారు 160 చదరపు అడుగులు. 1982 జనవరిలో మొదలైన సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతబడ్డాయి. ఎందరో ఊళ్ళకు తిరిగొచ్చారు.

అలా వచ్చిన ఒక కాకా నన్నొకసారి అడిగాడు: "బీ.పీ. గోలీలు బందుజేసి రెండు దినాలైంది బిడ్డా. ఏమన్న అయిందా నాకు?"

జవాబు కోసం 1883 నాటి లండన్ దాకా పోవాలి. సిడ్నీ రింగర్ అనే వైద్యుడు కప్ప గుండెను ఉప్పునీళ్ళలో పెట్టి కొట్టుకోనిచ్చేవాడు. కుళాయి నీళ్ళతో చేస్తే గుండె ఆడింది, శుద్ధిచేసిన నీళ్ళతో చేస్తే ఆగింది. తేడా కుళాయి నీళ్ళలోని కాల్షియం! ఎముకకే కాదు, కండరం బిగుసుకోవడానికీ సున్నపు సత్తువ కావాలన్నమాట. రక్తనాళం గోడలోనూ కండరం ఉంది. దాని కణాలకు సన్నని వాకిళ్ళుంటాయి. వాటిగుండా కాల్షియం లోపలికి వస్తే నాళం బిగుస్తుంది, రక్తపుపోటు పెరుగుతుంది.

1960లలో జర్మనీ శాస్త్రజ్ఞుడు ఆల్బ్రెక్ట్ ఫ్లెకెన్‌స్టైన్, కొన్ని మందులు ఈ కాల్షియం రాకను అడ్డుకుంటున్నాయని కనిపెట్టాడు. వెరపమిల్ అందులో ఒకటి. నిఫెడిపిన్, అమ్లోడిపిన్ ఆ కోవలోనివే. మన దేశంలో 1972నుంచి అమలైన పేటెంటు చట్టం మందుకు కాక తయారీ పద్ధతికే హక్కు ఇచ్చింది. 2005లో మారేదాకా అదే పద్ధతి. హైదరాబాదు కంపెనీలు ఎదగడానికీ, ఇలాంటి బిళ్ళలు పేదవాడి చేతికి అందడానికీ అది పెద్ద కారణమని నా నమ్మకం.

అయితే బిళ్ళ ఆ వాకిట్లో ఎక్కడ కూర్చుంటుందో చాలాకాలం ఎవరూ చూడలేదు. 2016లో అమెరికాలోని సియాటిల్‌లో విలియం కాటరాల్, నింగ్ జెంగ్ బృందం, సూక్ష్మజీవినుంచి తీసి మలచిన వాకిలిని స్ఫటికంగా చేసి ఎక్స్-కిరణాలతో చూసింది. నాలుగు ముక్కలు గుండ్రంగా చేరి నడుమ దారి విడిచాయి. వెరపమిల్ ఆ దారి నడుమనే అడ్డం కూర్చుంది. అమ్లోడిపిన్ అలా కాదు. బయటి పక్కన, రెండు ముక్కల సందులో దూరింది. దాంతో నడిమి దారి ఆకారమే వంకరపోయింది. దర్వాజకు అడ్డంగా బండ పెట్టడం వేరు, చౌకట్టు సందులో చెక్కముక్క దూర్చి తలుపు బిగిసిపోయేట్టు చేయడం వేరు కదా! 2019లో కుందేలు కండరపు వాకిలిని గడ్డకట్టించి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూసినప్పుడు నిఫెడిపిన్ కూడా అలాగే పక్కసందులో దొరికింది.

ఇక కాకా ప్రశ్న. ఆయన మింగేది అమ్లోడిపిన్. రక్తంలో అది సగానికి తగ్గడానికే 30నుంచి 50 గంటలు పడుతుంది. అందుకే రోజుకొక్క బిళ్ళ చాలు. అందుకే మానిన రెండో రోజున ఏమీ కాదు కూడా. పాత మందు ఇంకా సందులోనే ఉంది. అది ఖాళీ అయ్యేకొద్దీ పోటు చప్పుడు లేకుండా మళ్ళీ ఎక్కుతుంది.

"మరి ఎందుకు మానినవు కాకా?" అన్నాను. ధోవతి పైకి తీసి చీలమండలు చూపించాడు. వాపు. నాళాలు వదులైనప్పుడు కాళ్ళలోకి నీరు దిగడం ఈ మందుకు తెలిసిన గుణమే. మోతాదు తగ్గించో, మందు మార్చో డాక్టరు సర్దగలడు.

"డాక్టరుకు చెప్పినవా?"

"మొయ్యంగ మొయ్యంగ వాచినయనుకున్న బిడ్డా. గిది గూడ చెప్తరా?"

మర్నాడు పొద్దున బస్సుకు ఇద్దరం కలిసే వెళ్ళాం.