బేరారు రాకుమారి ప్రజాసేవ

2023 జనవరిలో ముకర్రం జా ఇస్తాంబుల్‌లో చనిపోతే, భౌతికకాయాన్ని హైదరాబాదు తెచ్చి ప్రభుత్వ లాంఛనాలతో మక్కా మసీదులో ఖననం చేశారు. ఆ కొద్ది రోజులూ పత్రికల నిండా నవాబీ వైభవమే. ఆయన తల్లి దుర్రుషెహవార్ గురించి మరీ మురిపెంగా రాశారు: అందగత్తె, విదుషి, పరదాను ధిక్కరించిన ధీర, ఆసుపత్రులు తెరిచిన దయామయి. అవి చదివిన మా గన్నవరం విద్యార్థులు కొందరు, "ఇంతటి మనిషిని మన వామపక్ష చరిత్రలు ఎందుకు పట్టించుకోలేదు మాస్టారూ?" అని నన్నడిగారు. ప్రశ్న న్యాయమైనదే. దొరల గడీల గురించి అంత రాసినవాళ్లం, దేవిడీలోని స్త్రీలను తరచి చూసింది తక్కువ.

ఆమె 1914లో ఇస్తాంబుల్‌లో పుట్టింది. తండ్రి అబ్దుల్ మజీద్, ఉస్మానియా వంశపు ఆఖరి ఖలీఫా. పేరుకు అర్థం రాజుకు తగిన ముత్యం అని. పేరులోనే కొనేవాడున్నాడన్నమాట! 1924 మార్చి 3న టర్కీ గణతంత్రం ఖలీఫా పదవిని రద్దుచేసి వంశాన్నంతా దేశం వెడలగొట్టింది. అప్పుడామెకు పదేళ్లు. ఫ్రాన్సులోని నీస్ నగరంలో తలదాచుకున్న ఆ కుటుంబానికి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ నెలకు 300 పౌండ్ల భరణం పంపేవాడు. ఖిలాఫత్ ఉద్యమనాయకుడు షౌకత్ అలీ మధ్యవర్తిత్వంతో 1931 నవంబరు 12న నీస్‌లోనే ఆమెకు నిజాం పెద్దకొడుకు ఆజం జాతోను, ఆమె బంధువు నీలోఫర్‌కు రెండవ కొడుకు మొఅజ్జం జాతోను పెళ్లిళ్లు జరిగాయి. మెహరు దగ్గర బేరం తెగక, ఒక పిల్లకడిగిన సొమ్ముకు ఇద్దరు పిల్లలనివ్వడానికి ఒప్పందం కుదిరిందని చెబుతారు. మాట అక్షరాలా నిజమైనా కాకపోయినా వ్యవహారం స్వభావం అదే. రాజ్యం పోయి బిరుదు మిగిలినవాడొకడు. ధనం పుష్కలంగా ఉండి ఇస్లాం ప్రపంచంలో పెద్దరికం కోరేవాడొకడు. ఇద్దరి నడుమ పద్దు సరిపెట్టింది పదిహేడేళ్ల పిల్ల.

కాబట్టి ఆమె "రాచ బాధ్యతల"లో మొదటిది వారసుణ్ణి కనడం. 1933లో ముకర్రం జా పుట్టడంతో అది తీరింది. తక్కినవన్నీ ఆ తరువాతివి. 1936 ఒడంబడికతో ఆజం జాకు బేరారు యువరాజు అన్న బిరుదు వచ్చింది, ఆమె బేరారు రాకుమారి అయింది. ఐతే బేరారును కంటింజెంటు సైన్యం బాకీల కింద 1853లోనే కుంపిణీవారు చేజిక్కించుకున్నారు. 1902లో కర్జన్ దాన్ని శాశ్వత కౌలుగా రాయించుకున్నాడు. పాలన ఇంగ్లీషువాడిది, బిరుదు నిజాం కొడుకుది, ఆ బిరుదుకు భార్య టర్కీ పిల్ల! 1937లో ఆరవ జార్జి పట్టాభిషేకానికి భర్తతో లండను వెళ్లినా, దర్బారుల్లో అతిథులను ఆదరించినా ఆమె చేసింది ఈ బొమ్మకొలువులో తన చోట నిలవడమే.

ఇక్కడ ఒక విచిత్రం గమనించండి. ఆమెను వెళ్లగొట్టిన టర్కీ 1926లో బహుభార్యాత్వాన్ని నిషేధించింది, 1934లో స్త్రీలకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటిచ్చింది. ఆ దేశంలో మామూలు టీచరమ్మగా పుట్టి ఉంటే ఓటు వేసేది. రాకుమారిగా పుట్టినందుకు పరదాల హైదరాబాదుకు వచ్చింది.

వచ్చి ఊరుకోలేదు, అది ఆమె గొప్ప. పరదాను నిరసించింది, స్త్రీ తన తిండి తాను సంపాదించుకోవాలన్నది. ఆడపిల్లలకు విద్యాసంస్థ నెలకొల్పింది. పాతబస్తీలోని పురానీ హవేలీ దగ్గర ఆమె పేరిట ఆసుపత్రి ఉంది. దీన్ని తీసిపారేయడం చరిత్ర కాదు, ఉక్రోషం. కాని ఆ దయకు డబ్బెక్కడిదని అడగకపోతే అదీ చరిత్ర కాదు. సుందరయ్యగారు 1972లో వెలువరించిన తెలంగాణా పోరాట గ్రంథంలో లెక్క ఉంది: సంస్థానపు భూమిలో సుమారు 60 శాతం మాత్రమే సర్కారు అధీనంలోది, 30 శాతం జాగీర్లది, 10 శాతం సర్ఫెఖాస్, అనగా నిజాం సొంత కమతం. మునగాల పరగణా నిజాం ఇలాకా నడుమ ఉండి కూడా కృష్ణా జిల్లాలోది గనుక, అక్కడి వెట్టి సంగతి మా వైపువారికి వినికిడి మాత్రమే కాదు. సుందరయ్యగారు 1955లో శాసనసభకు గెలిచింది ఈ గన్నవరం నుంచే.

రాకుమారి పెళ్లికి ముందే తెలుగు స్త్రీలు తమ పనికి తాము పూనుకున్నారు. 1928లో మాడపాటి హనుమంతరావుగారి పూనికతో హైదరాబాదులో తెలుగు బాలికల పాఠశాల వెలిసింది. ఉర్దూ మాధ్యమపు రాజ్యంలో చోటులేక, పూనాలోని కర్వే మహిళా విశ్వవిద్యాలయాన్ని ఆశ్రయించింది. 1930లో జోగిపేట ఆంధ్రమహాసభతోపాటు నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన మహిళాసభ జరిగింది. పోతే, పాలకుర్తి చాకలి ఐలమ్మ సేద్యపు పంటకోసం దేశముఖును ఎదిరించిన రోజుల్లో బేరారు రాకుమారి అదే రాజ్యంలో కాబోయే రాణి. ఇద్దరికీ ఒకరి ఊసు ఒకరికి చేరే దారి ఆ వ్యవస్థలో లేదు.

ఆ కాబోయే రాణితనమూ రాలేదు. 1948 సెప్టెంబరులో సంస్థానం కూలింది, మరుసటి సంవత్సరం జాగీర్లు రద్దయ్యాయి. 1967లో నిజాం చనిపోయాక వారసత్వం భర్తను దాటి కొడుకుకు పోయింది. తండ్రి 1944లో పారిస్‌లో మరణిస్తే ఇస్తాంబుల్‌లో ఖననం చేయనిమ్మని ఆమె టర్కీని అడిగింది. ఒప్పుకోలేదు. శవపేటిక పారిస్ మసీదులో పదేళ్లు వేచి, 1954లో మదీనా చేరింది. ఆమె 2006లో లండనులో కన్నుమూసింది, మట్టయిందీ ఇంగ్లండులోనే.

ఇక నీలోఫర్. 1949లో ఆమె పరిచారిక ఒకరు కాన్పులో చనిపోయింది. ప్రపంచంలోకెల్లా ధనవంతుడని 1937లో టైమ్ పత్రిక ముఖచిత్రం వేసిన ప్రభువు కోడలి కొలువులో పనిచేసే మనిషికే దక్కని ప్రసూతి వైద్యం, ఊళ్లలో వెట్టిచేసేవారికి ఏపాటి దక్కి ఉంటుంది? ఆ చావు కలచివేసి ఆమె తలపెట్టిన ఆసుపత్రి 1953లో తెరుచుకుంది. 1952లోనే విడాకులై ఆమె రాచకోడలు కాకుండా పోయింది. హైదరాబాదులో ఎన్నికైన మంత్రివర్గమూ ఆ ఏడే వచ్చింది. ఆసుపత్రికి ఆమె పేరు నిలిచింది. డాక్టర్ల జీతాలూ మందుల ఖర్చూ మాత్రం ప్రభుత్వ ఖజానావి.