ఫ్యాక్టరీ నీళ్లు చివరికి ఎక్కడ చేరతాయి? బాలానగర్ నుంచి మూసీ దాకా ఒక లెక్క

శ్రీనగర్ కాలనీలో ఫ్యాక్టరీ చిమ్నీలు కనిపించవు. ఎటు చూసినా అపార్ట్‌మెంట్లు, ఆఫీసులు, క్లినిక్‌లే. అయినా ఈటీపీ, ఎస్టీపీ, ఆర్వో ప్లాంట్, బాయిలర్ కెమికల్స్ అని రాసున్న బోర్డులు ఇక్కడా, అమీర్‌పేట, పంజాగుట్ట వైపూ తగులుతూనే ఉంటాయి. దీనికి కారణం ఈ కాలనీకి ఉత్తరాన ఉంది. సనత్‌నగర్, బాలానగర్, కూకట్‌పల్లి, జీడిమెట్ల, ఇంకాస్త పడమరకు వెళ్తే పటాన్‌చెరు, బొల్లారం. హైదరాబాద్ పరిశ్రమల్లో పెద్ద భాగం ఈ వైపే పెరిగింది. వాటికి కావాల్సిన సరుకు, సలహా, పర్మిషన్ కాగితాల పని నగరం మధ్యలోని ఇలాంటి ఆఫీసుల్లో జరుగుతుంది. కాలుష్య నియంత్రణ మండలి కేంద్ర కార్యాలయం కూడా దగ్గర్లోనే, సనత్‌నగర్ ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లోని పర్యావరణ భవన్‌లో ఉంది.

ఈ వ్యాపారంలో అమ్మేది మెషీన్లు, మందులు. కొనేది కంపెనీలు. కానీ అది సరిగా జరిగిందా లేదా అన్నది తెలిసేది ఈ ఇద్దరికీ సంబంధం లేని మూడో మనిషికి. నాలా పక్కన ఇల్లున్నవాడికి, బోరు నీళ్లు వాడేవాడికి, మూసీ కింద పొలం ఉన్నవాడికి.

చెరువు తవ్వింది తాగడానికి

హుస్సేన్ సాగర్‌ను 1560ల్లో, ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో హజ్రత్ హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో కట్టారు. ఆయన పేరే చెరువుకు ఉండిపోయింది. 1930 ప్రాంతం వరకు నగరానికి తాగునీళ్లు ఇచ్చిన చెరువు అది. ఆ తర్వాత దాని ఎగువన ఊరు, ఫ్యాక్టరీలు రెండూ పెరిగాయి. సనత్‌నగర్‌లో 1942లోనే ఆల్విన్ కంపెనీ మొదలైంది. 1960ల్లో సోవియట్ సాయంతో బాలానగర్‌లో ఐడీపీఎల్ మందుల ఫ్యాక్టరీ వచ్చింది. ఈ రోజు హైదరాబాద్‌ను బల్క్ డ్రగ్స్ రాజధాని అంటున్నారంటే దానికి పునాది ఐడీపీఎల్. అక్కడ పని నేర్చుకున్నవాళ్లే బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టుకున్నారు.

వీటి మురుగంతా పల్లానికి దారి వెతుక్కుంది. ఆ దారి పేరు కూకట్‌పల్లి నాలా. కూకట్‌పల్లి, బాలానగర్, ఫతేనగర్, బేగంపేట మీదుగా వచ్చి హుస్సేన్ సాగర్‌లో పడుతుంది. ఇళ్ల మురుగు, కంపెనీల మురుగు కలిసిపోయి ఏళ్ల తరబడి చెరువులో దిగాయి. తర్వాత నాలా నీటిని చెరువు దగ్గర అడ్డుకుని పెద్ద డ్రైనేజీ లైన్లలోకి మళ్లించారు. చెరువు ఒడ్డున రోజుకు 2 కోట్ల లీటర్ల సామర్థ్యంతో ఎస్టీపీ కూడా కట్టారు. చెరువుకు కొంత ఊపిరి ఆడింది. మళ్లించిన నీళ్లు మాత్రం మాయమైపోలేదు, అంబర్‌పేట వైపు వెళ్లాయి. ఈ సంగతి కాసేపట్లో మళ్లీ వస్తుంది.

శుద్ధి అంటే ఏం చేస్తారు

ఫ్యాక్టరీలో నీటి శుద్ధి రెండు చోట్ల ఉంటుంది. లోపలికి వచ్చే నీటికి ఒకటి, బయటికి పోయే నీటికి ఒకటి. లోపలికి వచ్చే నీటిని కంపెనీ తన లాభం కోసమే బాగుచేసుకుంటుంది. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువైతే బాయిలర్ గొట్టాల్లో సున్నంలా గట్టిపడి పేరుకుంటుంది, ఇంధనం ఎక్కువ కాలుతుంది, గొట్టం పగిలినా పగులుతుంది. అందుకని సాఫ్ట్‌నర్లు, ఆర్వోలు పెడతారు. వీటికి ఎవరూ తనిఖీ చేయాల్సిన పనిలేదు. పాడైతే నష్టం కంపెనీదే.

బయటికి పోయే నీటి కథ వేరు. ముందు జల్లెడ పట్టి చెత్త తీస్తారు. పెద్ద తొట్టిలో నిలవచేసి ఆమ్లం, క్షారం సరిచేస్తారు. పటిక లాంటి మందు వేస్తే సన్నటి మురికి ముద్ద కట్టి అడుగుకు దిగుతుంది. ఆ తర్వాత గాలి కొట్టే తొట్టిలో బ్యాక్టీరియా మిగిలిన సేంద్రియ మురికిని తింటుంది. అసలు పని చేసేది ఈ సూక్ష్మజీవులే. ఉప్పు ఎక్కువైనా, విషపు రసాయనం ఒక్కసారిగా వచ్చినా ఇవి చచ్చిపోతాయి, మళ్లీ తయారవడానికి రోజులు పడుతుంది. అందుకే మందుల కంపెనీల్లో ఉప్పు ఎక్కువున్న నీళ్లను విడిగా ఎవాపరేటర్లకు పంపి ఆవిరి చేయాలి. మిగిలిన ఉప్పు, బురద ప్రమాదకర వ్యర్థాల లెక్కలోకి వస్తాయి. వాటిని దుండిగల్‌లోని ప్రత్యేక కేంద్రానికి తరలించాలి.

బీవోడీ అన్న మాట ఈ రంగంలో ఎక్కువగా వినిపిస్తుంది. నీటిలోని మురికిని తినడానికి సూక్ష్మజీవులకు ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే అంకె అది. అంకె పెరిగితే చేపలకు ఊపిరి తగ్గినట్టే. దేశంలో సాధారణ ప్రమాణం ప్రకారం వాగు, చెరువు, నదిలోకి వదిలే నీళ్లలో బీవోడీ లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటకూడదు. అదే ఊరి డ్రైనేజీలోకి వదిలితే 350 వరకు అనుమతి ఉంది. చివర్లో ఎస్టీపీ ఉంటుంది, మిగిలింది అది చూసుకుంటుందన్న నమ్మకం మీద ఇచ్చిన సడలింపు ఇది.

ఇక ఖర్చు. కరెంటు, కెమికల్స్, ఆపరేటర్ జీతం, బురద రవాణా, అన్నీ కలిపితే ప్రతి కిలోలీటరుకూ ఓ రేటు పడుతుంది. వాన పడుతున్న రాత్రి గేటు ఎత్తి నాలాలోకి వదిలేస్తే కంపెనీ ఖాతాలో ఆ ఖర్చు సున్నా. కానీ అది ఎక్కడికీ పోదు. కంపెనీ పుస్తకంలోంచి బస్తీ ఆసుపత్రి బిల్లులోకి, రైతు అప్పు పుస్తకంలోకి మారుతుంది. సుప్రీంకోర్టు 1996లో వెల్లూరు తోళ్ల పరిశ్రమల కేసులో చెప్పింది ఈ మాటే. పాడుచేసినవాడే నష్టం కట్టాలన్న సూత్రం దేశ చట్టంలో భాగమని ఆ తీర్పు స్పష్టం చేసింది. వాణియంబాడి, ఆంబూరు లాంటి ఊళ్లలో చాలా తోళ్ల యూనిట్లు ముస్లిం వ్యాపారులవే. అక్కడి వాళ్లకు ఈ తీర్పు బాగా గుర్తుంటుంది.

పటాన్‌చెరు: వాగు మారింది, నీళ్లు అవే

చిన్న కంపెనీ ఒక్కటే పూర్తి ప్లాంటు కట్టుకోలేదు. అందుకే ఉమ్మడి శుద్ధి కేంద్రాలు వచ్చాయి. జీడిమెట్లలో 1989లో, పటాన్‌చెరులో 1994లో ఇవి మొదలయ్యాయి. కంపెనీలు ట్యాంకర్లలో మురుగు పంపిస్తే అక్కడ శుద్ధి చేస్తారు.

పటాన్‌చెరు కేంద్రం నుంచి వచ్చే నీళ్లు నక్కవాగులోకి పోయేవి. నక్కవాగు మంజీరలో కలుస్తుంది. వాగు పక్క ఊళ్లలో పంటలు పోయాయి, బోర్లు పాడయ్యాయి. అప్పటికే, 1990లో కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. స్థానిక డాక్టర్ కిషన్ రావు లాంటివాళ్లు ఏళ్ల తరబడి పోరాడారు. ఆ కేసు హైకోర్టుకు, అక్కడి నుంచి గ్రీన్ ట్రిబ్యునల్‌కు మారి, 2017 అక్టోబర్‌లో తీర్పు వచ్చింది. మొదలైన నాడు పుట్టిన బిడ్డకు అప్పటికి 27 ఏళ్లు.

మధ్యలో 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఒక పరిశోధన ప్రచురించారు. పటాన్‌చెరు కేంద్రంలో శుద్ధి అయ్యాక బయటికొచ్చే నీళ్లను పరీక్షిస్తే లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ కనిపించింది. ఇంట్లో మూత్రం మంటకో, విరేచనాలకో డాక్టర్ రాసే ఆ యాంటీబయాటికే. ఒక్క రోజులో అక్కడి నుంచి పోయే మందు దాదాపు 45 కిలోలని లెక్క కట్టారు. 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ ఐదు రోజుల్లో వాడేంత. ఇలాంటి నీళ్లలో బతికే బ్యాక్టీరియా మందుకు లొంగకుండా తయారవుతుంది. రేపు అదే ఇన్‌ఫెక్షన్ మనిషికి వస్తే మాత్ర పనిచేయదు. ఇది పటాన్‌చెరుతో ఆగే సమస్య కాదు.

తర్వాత ఏం చేశారు? సుమారు 18 కిలోమీటర్ల పైపులైన్ వేసి పటాన్‌చెరు నీళ్లను నగర డ్రైనేజీలో కలిపారు. అది అంబర్‌పేట ఎస్టీపీకి చేరుతుంది. జీడిమెట్ల నీళ్లదీ అదే దారి. నక్కవాగు రైతుకు ఉపశమనం దొరికింది, అది నిజం. కానీ అంబర్‌పేట ప్లాంటు రోజుకు 33.9 కోట్ల లీటర్ల ఇళ్ల మురుగు కోసం కట్టింది. మలమూత్రాల మురికిని విరగ్గొట్టే బ్యాక్టీరియా మందుల అవశేషాలను, కరిగిన ఉప్పును పూర్తిగా తీయలేదు. కోట్ల లీటర్లలో కలవడం వల్ల అంకె చిన్నదిగా కనిపిస్తుంది. పల్చబడటం వేరు, పోవడం వేరు. అక్కడి నుంచి నీళ్లు మూసీలోకి, మూసీ నుంచి పశుగ్రాసం, కూరగాయలు, వరి పండే భూములకు, ఉమ్మడి నల్లగొండ మీదుగా వాడపల్లి దగ్గర కృష్ణకు.

మందుల ఫ్యాక్టరీల నీళ్లలో యాంటీబయాటిక్ ఎంతవరకు ఉండొచ్చో పరిమితులు పెడతామని కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పరిమితులు అందులో లేవు. ఈ వ్యవహారం మొత్తంలో ఎక్కువ అడగాల్సిన ప్రశ్న బహుశా ఇదే.

పాక్ వేరు, సాఫ్ వేరు

మన ఇళ్లలో పాక్, సాఫ్ అని జంటగా అంటారు. రెండూ ఒకటి కావు. ఫిఖహ్‌లో నీరు చెడిందా అని చూడటానికి రంగు, రుచి, వాసన అనే మూడు గుర్తులున్నాయి. 1978లో సౌదీ పెద్ద ఉలమాల మండలి మురుగు నీటి విషయంలో ఇదే కొలత వాడింది. శుద్ధి చేశాక ఆ మూడింటిలో మురికి ఆనవాలు మిగలకపోతే వుజూకు, గుస్ల్‌కు పనికొస్తుందని చెప్పింది. తాగడం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆరోగ్యానికి హాని ఉండకూడదన్న షరతు పెట్టింది. ఫ్యాక్టరీ కాలుష్యంలో ఆ షరతే కీలకం. నైట్రేట్, ఫ్లోరైడ్, ఆర్సెనిక్, మందుల అవశేషాలు నీళ్ల రంగు మార్చవు, వాసన రానివ్వవు.

కాబట్టి పారిశ్రామికవాడ దగ్గర బోరు నీళ్లు తేటగా ఉన్నాయని తాగడం సరికాదు. కాచితే క్రిములు చస్తాయి, లవణాలు అలాగే ఉంటాయి, ఇంకాస్త చిక్కబడతాయి కూడా. యూవీ ఫిల్టర్‌దీ అంతే, క్రిముల వరకే. ఆర్వో చాలావరకు తీస్తుంది, తీసిన ఉప్పంతా వేరే పైపులో బయటికి పంపిస్తుంది. తాగునీటి ప్రమాణం ప్రకారం కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే నీళ్లు దొరకని చోట 2000 వరకు. నైట్రేట్ 45 దాటకూడదు. చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటర్ మొత్తం లవణాలనే చెబుతుంది, అందులో ఏముందో చెప్పదు. ల్యాబ్ పరీక్ష తప్పదు.

తొట్టి దిగే మనిషి

ఈటీపీ, ఎస్టీపీ తొట్లు కడగడానికి దిగి చనిపోయిన వార్తలు ఏటా వస్తాయి. చంపేది ఎక్కువగా హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు. మొదట కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, పోయిందనుకుని మనిషి ఇంకా కిందికి దిగుతాడు. ఒకడు పడిపోతే కాపాడటానికి దిగిన రెండోవాడూ పోతాడు. రక్షణ పరికరాలు లేకుండా మురుగు కాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో మనుషులను దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. మురుగు కాలువ మరణాలకు పరిహారం 30 లక్షల రూపాయలకు పెంచుతూ సుప్రీంకోర్టు 2023 అక్టోబర్‌లో తీర్పిచ్చింది. కాంట్రాక్టర్ దగ్గర రోజు కూలికి వెళ్లే కుర్రాళ్ల ఇళ్లలో ఈ విషయం తెలిసి ఉండాలి. అపార్ట్‌మెంట్ కమిటీలకైతే ఇంకా ముందు తెలిసి ఉండాలి. పిలిచేది వాళ్లే కదా.

ఫిర్యాదు చేయాలంటే

1974 నీటి కాలుష్య నియంత్రణ చట్టం కింద మురుగు వదిలే ప్రతి యూనిట్ మండలి నుంచి రెండు అనుమతులు తీసుకోవాలి. కట్టేముందు ఒకటి, నడపడానికి ఒకటి. రెండో దానిలో రోజుకు ఎన్ని నీళ్లు వదలొచ్చు, ఎక్కడికి వదలాలి, ఏ అంకెలు దాటకూడదు అన్నవి రాసి ఉంటాయి. ఫిర్యాదులో "వాసన వస్తోంది" అని మాత్రమే రాస్తే బలం తక్కువ. తేదీ, టైము, ఏ నాలా, ఏ రంగు, ఫొటో ఉంటే అధికారి శాంపిల్ తీయడానికి ఆధారం దొరుకుతుంది. బాటిల్‌లో మనం పట్టుకెళ్లిన నీళ్లు కోర్టులో సాక్ష్యంగా నిలబడటం కష్టం, చట్టం చెప్పిన పద్ధతిలో అధికారే శాంపిల్ తీయాలి. అందుకే నీళ్లు పారుతున్నప్పుడే ఫోన్ చేయడం ముఖ్యం.

అనుమతి కాపీ, తనిఖీ రిపోర్టు కావాలంటే సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో అడగొచ్చు. 30 రోజుల్లో జవాబు రావాలి. అప్పటికీ పని జరగకపోతే గ్రీన్ ట్రిబ్యునల్ ఉంది. తెలుగు రాష్ట్రాలకు దాని బెంచ్ చెన్నైలో ఉంటుంది.