మూడు మూళ్ళు

చెప్పులు గుమ్మం దగ్గరే వదిలి రండి. లోపలంతా నేల మీద చదువే. బెంచీలు గోడవారకు జరిపి చాపలు పరిచారు. మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల, మూడో తరగతి, 21 మంది పిల్లలు. ప్రార్థన అయ్యాక అందుకున్న రాగం ఇంకా ఆగలేదు: రెండు ఒకట్లు రెండు, రెండు రెళ్ళు నాలుగు, రెండు మూళ్ళు ఆరు... మీ పెదాలూ కదులుతున్నాయి, చూసుకున్నారా? ఎక్కం ఒకసారి ఒంటబట్టిందంటే అరవై ఏళ్ళొచ్చినా వదలదు.

‘రెండేళ్ళు పద్నాలుగు’ దగ్గర చివరి వరసలో ఒకడు కిసుక్కుమన్నాడు. వాడికి ఏళ్ళంటే వయసు. రెండేళ్ళ పిల్లకి పద్నాలుగేమిటని వాడి అనుమానం. నవ్వకండి. రెండు ఏడులే అలా రెండేళ్ళయ్యాయని వాడికి ఎవరూ విప్పి చెప్పలేదు. మనకీ చెప్పలేదు, మనమూ అడగలేదు.

టీచరు బీరువాలోంచి చెప్పుల అట్టపెట్టె తీసింది. అందులో కార్డులు. బజార్లో కొన్నవి కావు, శుభలేఖలు. ఖాళీగా ఉన్న వెనకవైపు స్కెచ్ పెన్నుతో లెక్క రాసి, మీద వెడల్పాటి టేపు అంటించింది. కొన్నిటి మూలల్లో పసుపు ఇంకా అలాగే ఉంది. ఒక కార్డుకి ఒకటే పని. జవాబు ఎక్కడా ఉండదు. ఉంటే ముందు అదే చూస్తారని ఆమెకి తెలుసు.

మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ వాళ్ళు చుట్టుపక్కల పల్లెబడుల కోసం ఇలాంటి కార్డులతోనే ఒక పద్ధతి తయారుచేశారు. ఏ కార్డు తర్వాత ఏదో చూపే నిచ్చెన పటం ఉంటుంది. ఎవరి మెట్టు వాళ్ళు చూసుకుని కార్డు తీసుకుంటారు. ఒక్క టీచరే రెండు మూడు తరగతులు లాక్కురావాల్సిన బడికి అది ప్రాణం. ఈ గదిలో నిచ్చెన లేదు, కార్డు మూలన రంగు చుక్క ఉంది. పచ్చ చుక్కయితే చింతపిక్కలు పెట్టి చెయ్యాలి, నీలమైతే బొమ్మ గీయాలి, ఎరుపైతే ఉత్త అంకెలే.

ఈ రెండు జడల పిల్ల పక్కన కూర్చుందాం. పచ్చ చుక్క కార్డు: ‘3 మూతలు. మూతకి 4 పిక్కలు. మొత్తం ఎన్ని?’ కార్డు చదివిందో లేదో పలక మీద 7 వేసింది. రెండంకెలు కనబడితే కలిపెయ్యడమే వాళ్ళకి తెలిసిన విద్య. టీచరు తప్పని అనలేదు. ‘‘పెట్టి చూపించమ్మా’’ అని పక్కకెళ్ళింది.

మూడు మూతలు. ఒక్కోదాంట్లో నాలుగేసి. చూపుడు వేలితో ఒక్కొక్క పిక్కా జరుపుతూ లెక్కపెడుతోంది. పన్నెండు. పలక మీది ఏడు వైపు అనుమానంగా చూసి, అరచేతి అంచుతో తుడిచేసింది. మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి వేలు పిక్క మీద కాక మూత మీద ఆగింది: ‘‘నాలుగు... ఎనిమిది... పన్నెండు.’’ మీరు పొద్దున్నే లేచి ఇంత దూరం వచ్చింది ఈ వేలి కోసమే.

‘‘ఎన్ని నాలుగులు పెట్టావు?’’ టీచరు గొంతుక్కూర్చుంది.

‘‘మూడు.’’

‘‘మూడు నాలుగులు?’’

‘‘పన్నెండు’’ అనేసి ఆ పిల్ల ఆగిపోయింది. ఇందాక పాడింది ఇదేనా అన్నట్టు చూసింది.

అదే మరి. రెళ్ళు, మూళ్ళు, ఆర్లు అన్నీ బహువచనాలు. ఎక్కంలో ప్రతి పాదమూ ఇన్ని కుప్పలు, కుప్పకి ఇన్ని అనే చెబుతోంది. బట్టీ అని దాన్ని ఈసడించేవాళ్ళతో నాకు పేచీ ఉంది. నోటికి ఎక్కం రాని పిల్ల కిరాణా కొట్టు దగ్గర పిక్కలు పరుచుకుని కూర్చోలేదు కదా. కానీ పాట మాత్రమే పాడించి పిక్కలు ఎన్నడూ పెట్టించకపోతే రెండేళ్ళు వయసుగానే మిగిలిపోతాయి.

అటు కోడిగుడ్ల అట్ట దగ్గర గొడవ. ఒకడు ఐదు ఆర్లంటాడు, పక్క అంచు దగ్గర కూర్చున్నవాడు ఆరు ఐదులంటాడు. ఎవడి వైపునుంచి వాడిదే నిజం. టీచరు అట్టని పావు చుట్టు తిప్పింది. ఇద్దరూ మాటలు మార్చుకున్నారు, గుంటలు మాత్రం 30కి 30 అలాగే ఉన్నాయి.

మరొకడు కార్డు తిరగేసి ముహూర్తం చదువుతున్నాడు. ‘‘టీచర్, మూడు మూళ్ళంటే పెళ్ళిలో వేసేవేనా?’’

గది గొల్లుమంది. ‘‘అవి ముళ్ళురా, వేసేవి. ఇవి మూళ్ళు, పెట్టేవి. మూడు చోట్ల మూడేసి పెట్టు.’’

శివారు నుంచి వచ్చే పిల్లాడు నీలం చుక్క కార్డు పట్టుకుని లేచాడు. ‘‘ఇది తప్పు టీచర్. ఒక ఆటోలో 6 మంది అని రాశారు. మా ఆటోలో పదకొండు మందిమి.’’

‘‘రోజూనా?’’

‘‘సోమవారం పదమూడు. సంత కదా.’’

‘‘అయితే సోమవారం ఆటో, మంగళవారం ఆటో పక్కపక్కన పెట్టు. ఎక్కంతో చెప్పగలవా?’’

గోడ వైపు చూస్తూ చాలాసేపు ఆలోచించాడు. గుణకారమంటే ఏమిటని అడిగితే పెద్దవాళ్ళూ తడుముకుంటారు. వాడు మాత్రం, ‘‘కుదరదు టీచర్, కూడాలి. రెండింట్లో సమానంగా లేరుగా’’ అన్నాడు.

టీచరు పెట్టెలోంచి ఏమీ రాయని శుభలేఖ ఒకటి తీసి వాడి చేతిలో పెట్టింది. నాలుక బయటపెట్టి, ఒత్తి ఒత్తి రాశాడు: ‘ఒక ఆటోలో 11 మంది. 3 ఆటోలు. అందరూ ఎంతమంది?’ తీసుకెళ్ళి రెండు జడల పిల్ల ముందు పెట్టి నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు.

ఆ పిల్ల పిక్కల మీదికి చెయ్యి చాపి, మధ్యలో ఆపింది.

‘‘డ్రైవర్‌తో కలిపా?’’

వాడు పెన్సిలు నోట్లో పెట్టుకున్నాడు.