మా ఊరి రైలు, ఎర్రగడ్డ భయం

మా చిన్నోడు రెండో తరగతికి వచ్చినా అక్షరాలు తిరగేసి రాస్తుంటే, ఒకసారి సైకాలజిస్టుకు చూపించమని టీచరమ్మ చెప్పింది. ఆ మాట వినంగనే మా అత్తమ్మ, "పోరనికేమన్న పిచ్చా? ఎర్రగడ్డకు తీస్కపోతవా?" అని ఏడ్చింది.

ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. 1953లో ఎర్రగడ్డకు మారకముందు నిజాం రాజ్యంలోని పిచ్చాసుపత్రి జాల్నాలో ఉండేది. మా ఇందల్వాయి స్టేషన్ మీదుగా మన్మాడ్ పోయే లైనులోనే జాల్నా. నిజామాబాద్, నాందేడ్ దాటి పోవాలి. అంత దూరం పంపిన మనిషిని మళ్లీ చూసి రావడం ఎందరికి అయ్యే పని? 1912 చట్టం పేరులోనే 'పిచ్చి' ఉండేది. 1987 చట్టంతో ఆ పేరు పోయింది. మానసిక వైద్యం మన హక్కు అని 2017 చట్టం చెప్పింది.

పిల్లల పరీక్షల కథ వేరు. 1905లో పారిస్‌లో బినే అనే ఆయన మొదటి పరీక్ష తయారుచేసింది, బడిలో వెనకబడిన పిల్లల్ని గుర్తించి సాయం చేయడానికే.

ఇదంతా అత్తమ్మకు విడమరిచి చెప్పిన. పరీక్ష రోజు తనే మనవడి చెయ్యి పట్టుకొని వచ్చింది. బొమ్మలు, లెక్కలు, కొంచెం చదివించడం, అంతే. వాడి తెలివికి లోటు లేదట, ఇబ్బంది చదవడంలోనేనట. వాడిని మొద్దు అని తిట్టిన రోజులు తలుచుకొని ఈసారి నేను ఏడ్చిన.

మీ ఇంట్లో ఎవరి మనసన్నా బాగలేకుంటే దాచకండి. 2022లో మొదలైన 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, పైసలు అడగరు.