డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ

డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీ.డీ.ఎస్.) సంగారెడ్డి జిల్లా జహీరాబాదు ప్రాంతంలో పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థ. ఇది 1983లో ప్రారంభమైనది. ప్రధాన కేంద్రం పస్తాపూర్ గ్రామం. 2016 వరకు ఈ ప్రాంతం మెదక్ జిల్లాలో ఉండేది. సంస్థ వ్యవస్థాపకులలో ఒకరైన పి.వి.సతీష్ 2023 మార్చి 19న మరణించాడు. సుమారు 75 గ్రామాలలో మహిళా రైతుల సంఘాలు ఏర్పడి, జొన్న, సజ్జ, కొర్ర, సామ వంటి పాత పంటలను తిరిగి సాగులోకి తెచ్చాయి. సభ్యులలో అత్యధికులు దళిత మహిళలు.

నేపథ్యం

ఇక్కడి పేద కుటుంబాలకు ఉన్నవి ఎక్కువగా వర్షాధారమైన ఎర్రచెలకలు. 1983లో రాష్ట్ర ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకాన్ని ప్రవేశపెట్టింది. అది పేదల ఆకలి తీర్చిన మాట నిజమే కాని, ఈ నేలలలో పండే జొన్నకు అందులో చోటు లేకపోయింది. జొన్న పండించడం కంటే బియ్యం కొనడమే తేలిక కావడంతో అనేక చెలకలు బీడు పడినవి. చెలక బీడు పడితే పోయేది జొన్న ఒక్కటే కాదు. పశువులకు చొప్ప, పప్పుకు కంది, కూలి పని, కలుపులో ఏరుకునే తుమ్మికూర, దొగ్గలికూర కూడా పోతాయి.

జొన్నల నిధి

1990వ దశకం మధ్యలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సహాయంతో సంఘాలు ప్రత్యామ్నాయ ప్రజాపంపిణీని ఆరంభించాయి. బీడు భూమి గల రైతుకు దున్నకం, ఎరువు, విత్తనాల కొరకు సంఘం అప్పు ఇస్తుంది. ఆ అప్పును రైతు కొన్నేళ్ళ పాటు జొన్నల రూపంలో తీరుస్తాడు. ఆ జొన్నలను ఊరిలోనే నిల్వ చేసి, పనులు దొరకని కాలంలో తక్కువ ధరకు పేదలకు అమ్ముతారు. ఎవరు ఎంత పేదవారో అధికారులు కాక గ్రామస్తులే కూర్చుని తేల్చడం ఇందులోని విశేషం.

విత్తనాలు, జాతర

ఒకే చెలకలో ఇరవై వరకు పంటలు కలిపి వేయడం ఇక్కడి పద్ధతి. వాన ముఖం చాటేసినా ఏదో ఒకటి చేతికి వస్తుంది. విత్తనాలను బూడిద, వేపాకు కలిపి బుట్టలలో దాస్తారు. అప్పుగా తీసుకున్న విత్తనానికి బదులు పంట వచ్చాక మరికొంత చేర్చి ఇవ్వాలి. విత్తనాలను అలంకరించిన ఎడ్లబండ్లపై ఊరూరా తిప్పే పాత పంటల జాతర సంక్రాంతి సమయంలో మొదలై సుమారు నెల రోజులు సాగుతుంది.

మాచునూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రారంభమైనది. దీనిని నడిపేది గ్రామీణ మహిళలే.

గుర్తింపు

2019లో ఈ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి లభించింది. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం ముతక ధాన్యాలను కిలో ఒక రూపాయికి చేర్చినది. అయినా తెలంగాణ రేషన్ దుకాణాలలో ప్రధానంగా ఇచ్చేది నేటికీ బియ్యమే.