జాతికుక్క ఎప్పుడు జాతికుక్కయింది?

అమెరికాలో మనవాళ్లు కుక్కని కొందామనుకోగానే రెండు పార్టీలైపోతారు. "కొంటే కాగితాలున్న జాతికుక్కే కొనాలి" అనేది ఒక పార్టీ. "వాటికన్నీ జబ్బులేనండీ, లాబ్రడూడుల్ తీసుకోండి, సంకరజాతి గట్టిగా ఉంటుంది" అనేది రెండో పార్టీ. ఇద్దరూ చరిత్ర జోలికి పోరు, అదే నా బాధ.

ముందు జాతికుక్కల సంగతి. ఏదో వేదకాలం నుంచీ ఉన్నట్టు మాట్లాడతాం గానీ, వాటి వంశావళి రాసిపెట్టే కెన్నెల్ క్లబ్ లండన్‌లో పుట్టింది 1873లో. అమెరికా క్లబ్ 1884లో. ఇప్పుడందరూ ముద్దుచేసే గోల్డెన్ రిట్రీవర్ ఏమిటనుకున్నారు? 1868లో స్కాట్లండ్‌లో ఒక జమీందారుగారు (తర్వాత లార్డ్ ట్వీడ్‌మౌత్ అయ్యాడు) పసుపురంగు రిట్రీవర్‌నీ, ట్వీడ్ వాటర్ స్పానియల్‌నీ కలిపి పుట్టించిన సంకరం. డాబర్‌మన్ అయితే జర్మనీలోని అపోల్డాలో పన్నులు వసూలుచేసే ఒకాయన రకరకాల కుక్కల్ని కలిపి తయారుచేసుకున్నది. పేరు కూడా ఆయనదే. అంటే ఇవన్నీ ఆ రోజుల్లో డిజైనర్ కుక్కలే! కాకపోతే ఆ తర్వాత రిజిస్టరు మూసేశారు, ఇక బయటి రక్తానికి ప్రవేశం లేదన్నారు.

అలా మూసేస్తే ఏమవుతుందో డాల్మేషన్ కథ చెబుతుంది. ఆ జాతి మొత్తంలో, ఒక్కటి కూడా మిగలకుండా, ఒక జన్యులోపం పాకిపోయింది. మూత్రంలో యూరిక్ యాసిడ్ విపరీతంగా పోతుంది, రాళ్లు ఏర్పడతాయి. మగకుక్కల్లో అవి అడ్డుపడి మూత్రం బంద్ అయితే ప్రాణం మీదికొస్తుంది. అన్నిట్లోనూ అదే బగ్గు ఉంటే లోపల ఎన్ని జతలు కట్టినా ఫిక్స్ ఎక్కడ దొరుకుతుంది?

1973లో రాబర్ట్ షైబుల్ అనే జన్యుశాస్త్రవేత్త ఒకే ఒక్క పాయింటర్ కుక్కతో డాల్మేషన్‌ని కలిపాడు. పుట్టిన పిల్లల్లో మంచి జన్యువున్నవాటిని మళ్లీ డాల్మేషన్లతోనే కలుపుతూ పోయాడు. తరతరానికీ పాయింటర్ వాటా సగానికి సగం తగ్గింది, మంచి జన్యువు మాత్రం నిలిచింది. మన భాషలో చెప్పాలంటే ఒక లైను ప్యాచ్. 1981లో అమెరికా క్లబ్ అలాంటి రెండు కుక్కల్ని రిజిస్టర్ కూడా చేసింది. అంతే, డాల్మేషన్ క్లబ్ సభ్యులు ఓటేసి మరీ అడ్డం తిరిగారు. రిజిస్ట్రేషన్ ఆగిపోయింది. 2008లో ఆ లోపం ఏ జన్యువులో ఉందో పరిశోధకులు తేల్చారు. అమెరికా క్లబ్ మళ్లీ తలుపు తీసింది 2011లో. ముప్పయ్యేళ్లు! ఈలోగా రాళ్లతో బాధపడిన కుక్కలకి స్వచ్ఛత ఏం ఒరగబెట్టిందో మరి.

"చూశారా, అందుకే సంకరం మేలు" అని రెండో పార్టీ చంకలు గుద్దుకోనక్కర్లేదు. 1989లో ఆస్ట్రేలియాలో అంధులకు కుక్కల్ని తయారుచేసే సంస్థలో పనిచేసే వాలీ కాన్రన్‌కి హవాయి నుంచి ఒక అభ్యర్థన వచ్చింది. ఆవిడకి చూపు లేదు, భర్తకేమో కుక్కలంటే ఎలర్జీ. లాబ్రడార్‌నీ పూడుల్‌నీ కలిపితే మూడు పిల్లలు పుట్టాయి. అందులో ఆ భర్తకి సరిపడింది ఒక్కటే! మిగతావాటిని వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లు వద్దన్నారు, సంకరం కదా. లాబ్రడూడుల్ అని పేరు పెట్టి పత్రికలకి చెప్పగానే ఫోన్లే ఫోన్లు. తర్వాత జరిగిన వ్యాపారం చూసి, తాను చేసిన పనికి చింతిస్తున్నానని 2019లో కాన్రనే చెప్పుకున్నాడు.

షైబుల్ చేసిన సంకరానికి ఒక లక్ష్యం ఉంది, పరీక్ష ఉంది. ఈ వ్యాపారంలో అదెక్కడ? లాబ్రడార్‌కీ పూడుల్‌కీ తుంటికీలు జబ్బూ, చూపుపోయే జబ్బూ రెండూ ఉమ్మడివే. రెంటినీ కలిపితే అవెక్కడికి పోతాయి? 2024లో లండన్ రాయల్ వెటర్నరీ కాలేజీ వాళ్లు లాబ్రడూడుల్‌తో సహా మూడు డిజైనర్ రకాల్ని తల్లిదండ్రుల జాతులతో పోల్చారు. 57 జబ్బులు చూస్తే 86.6 శాతం పోలికల్లో తేడానే లేదు.

అన్నట్టు, ఆస్ట్రేలియన్ లాబ్రడూడుల్ పెంచేవాళ్లు ఇప్పటికే సంఘాలు పెట్టుకుని, ప్రమాణాలు రాసుకుని, వంశావళి రిజిస్టర్లు నడుపుతున్నారు.